మా ఫోర్‌మన్‌గారూ, ఒక వెనక యాక్సిల్ మోతా

1988 జూలై 11, సోమవారం ఉదయం అటవీ శాఖ వాహనాల మరమ్మతు షెడ్డులో సహాయక ఫిట్టర్‌గా చేరిన మా ఫోర్‌మన్‌గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మా శాఖ పత్రిక ఈ సంచికలో వారి గురించి రాసే పని సహోద్యోగులు నాకు అప్పగించారు. అనుమతి కోరితే వారు ఒకే షరతు పెట్టారు: యాక్సిల్ సంగతి ఉండాలి, లేకపోతే వ్యాసమే వద్దు. అందుచేత అభినందనకు ఉద్దేశించిన ఈ పుటల్లో సగానికి పైగా ఆ సంగతికే పోయింది. పాఠకులు మన్నించాలి.

మా షెడ్డుకు వచ్చేవి కొండబండ్లు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఈ వాహనాలను మేం అలాగే పిలుస్తాం. రాళ్ళదారి, బురద, వెనక వేసే సరుకు, వీటన్నిటి దెబ్బా చివరికి పడేది వెనక యాక్సిల్, అంటే వెనక చక్రాలను మోసి తిప్పే ఇరుసు మీద. చక్రాలు విప్పడంతోనూ బ్రేకు డ్రమ్ములు కడగడంతోనూ ఉద్యోగం మొదలుపెట్టిన ఫోర్‌మన్‌గారు, పదేళ్ళు తిరిగేసరికి ఆ యాక్సిల్ జబ్బులు చెప్పడంలో శాఖ మొత్తానికీ ఆధారమయ్యారు.

వారి పద్ధతిని ఇక్కడ నమోదు చేయడం అవసరం. డ్రైవరును పక్కన పెట్టి బండి తామే నడిపేవారు. మలుపులో మోత మారితే చక్రం బేరింగ్‌ను అనుమానించేవారు. బండి కదిలేటప్పుడు టక్కుమంటే ఇరుసు కీళ్ళ వదులు చూసేవారు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వచ్చే ఊళ ఒకటి, కాలు తీసినప్పుడు వచ్చేది మరొకటి. రెండోదైతే క్రౌన్, పినియన్ అనే పళ్ళచక్రాల జతనో, పినియన్ బేరింగ్‌నో విప్పి చూడాల్సిందే అనేవారు. తిరిగొచ్చాక రెండు వెనక డ్రమ్ముల మీదా చెయ్యి పెట్టి ఏది ఎక్కువ కాలుతోందో చూసేవారు. చక్రం లోపలివైపు నూనె జాడ వెతికేవారు. చివరికి ఆయిల్ దించి తెల్లగుడ్డ మీద పోసి, ఇనుప పొడి మెరుస్తోందేమో చూసేవారు.

2006లో వారు ఫోర్‌మన్ అయ్యారు. ఆ ఏడే, బండి కిందికి దిగి చూసే తనిఖీ గుంత ఉన్న గదికి కొత్త గచ్చు వేయించారు. బండ్ల నుంచి రాలిన బురదనీళ్ళు నిలవకుండా గుమ్మం వైపు వాలు పెట్టించింది వారే. నీళ్ళు నిలవలేదు. అందరం మెచ్చుకున్నాం.

వారి అక్కగారి భర్త మా శాఖలోనే డ్రైవరు. కొండదారి డ్యూటీ ఆయనదే. షెడ్డులో కూడా ఆయన్ని అందరూ ‘బావగారూ’ అనే పిలిచేవారు. ఆయన బండి మరమ్మతుకు వచ్చిన ప్రతిసారీ తక్కిన డ్రైవర్లు ఫోర్‌మన్‌గారికి వినిపించేలా అనే మాట ఒకటుంది: “బావగారి బండికి కొత్త టైర్లు, మన బండికి కొత్త సాకులు.” ఫోర్‌మన్‌గారు నవ్వేవారు కాదు.

ఒక వేసవిలో బావగారి బండి వెనకనుంచి ఊళ మొదలైంది. దిగుడులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వస్తోందని ఆయనే చెప్పారు. ఫోర్‌మన్‌గారు నడిపి చూశారు, విప్పించారు. పినియన్ పళ్ళు గీసుకుపోయాయి, బేరింగ్ వేడికి నీలం తిరిగింది. ఇది ఆయిల్ చాలకైనా జరగాలి, లేదా రెండు వెనక చక్రాలనూ బిగించి ఒకే వేగంతో తిప్పే, బురదలోనే వాడాల్సిన డిఫరెన్షియల్ లాక్‌ను గట్టి రోడ్డు మీద వేసి నడిపినందుకైనా జరగాలి. ఈ పళ్ళచక్రాలుండే హౌసింగ్ వెనక మూతకు ఒక బోల్టు ఉంటుంది. దాన్ని విప్పి వేలు పెడితే ఆయిల్ తగలాలి. విప్పించడానికి ముందే గుంత మీద చూశారు. తగిలింది.

“నేను లాక్ వేసింది బురదలోనే, ఇంకెక్కడా వెయ్యలేదు” అన్నారు బావగారు.

“ఆయిల్ నిండుగా ఉంది బావా. మరి పళ్ళెలా పోయాయో నువ్వే చెప్పు.”

“చెప్పాల్సింది నువ్వు. పేరు మోసిన చెవులు నీవి.”

షెడ్డు అంతా వింటోంది. డ్రైవరు నిర్లక్ష్యమే కారణమని ఫోర్‌మన్‌గారు నివేదిక ఇచ్చారు. బయటివాడైతే ఇంకోసారి చూసేవాడిననీ, బావ కాబట్టి చూడలేదనీ తర్వాత వారే నాతో అన్నారు. పక్షపాతమనే మాట పడకూడదన్న పట్టుదల వారి చేత ఆ పని చేయించింది. మేమూ ఆనాడు వారి నిజాయితీని పొగిడాం. బావగారిని స్టీరింగ్ నుంచి తీసి గేటు దగ్గర వేశారు. తాను నడిపిన బండ్లకే గేటు తీసే పని.

ఆ వారం అక్కగారు తమ్ముడి ఇంటికి వచ్చారు. ఫోర్‌మన్‌గారి మాటల్లోనే రాస్తున్నాను. ఆవిడ కూర్చోలేదు. “తప్పు ఆయనదే అయితే ఆయన్ని నేనే నిలదీస్తాను. నిజమేనా తమ్ముడూ? ఆ ఒక్క ముక్క చెప్పు” అన్నారు.

“నిజమే అక్కా” అన్నారు వీరు.

వానలు తగ్గాక గుంత గది గోడ పని పెట్టుకుని, బండ్లను ఆవరణలోనే తనిఖీ చేయాల్సి వచ్చింది. అంతకు ముందు వారమే గుంత మీద ఆయిల్ సరిచూసిన బండి ఒకటి మళ్ళీ వచ్చింది. ఫోర్‌మన్‌గారు బోల్టు విప్పి వేలు పెట్టారు. ఆయిల్ తగల్లేదు. కింద ఎక్కడా కారిన మరక లేదు. ఇంకో బండి తెప్పించారు. అదీ అంతే. వారు గోడ కడుతున్న మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తీసుకుని, గుంత గదిలోకి వెళ్ళి గచ్చు మీద పెట్టారు.

బండి గుమ్మం వైపు వెనక పెట్టుకుని నిలబడుతుంది. వాలు వల్ల ముందు చక్రాలు ఎత్తులో ఉంటాయి. హౌసింగ్‌లో ఉన్న కాస్త ఆయిలూ వెనక్కి చేరి బోల్టు దగ్గర వేలికి తగులుతుంది. ముందువైపు ఉండే పినియన్‌కు చాలదు. కొత్త గచ్చు వేసిన నాటి నుంచీ మేం పంపిన ప్రతి బండీ ఆయిల్ తక్కువతోనే కొండెక్కింది. ఆ బోల్టు రంధ్రంలో వేలు పెట్టి ‘నిండుగా ఉంది’ అనని మెకానిక్ మాలో లేడు. ఇది రాస్తున్న నేనూ అన్నాను.

మా షెడ్డు అధికారి, బావగారిని చడీచప్పుడు లేకుండా మళ్ళీ డ్రైవరు డ్యూటీకి మార్చేద్దామన్నారు. ఫోర్‌మన్‌గారు ఒప్పుకోలేదు. మర్నాడు ఉదయం అందరినీ షెడ్డులో నిలబెట్టి, గేటు దగ్గరి నుంచి బావగారిని పిలిపించి, తమ నివేదిక తప్పనీ వాలు పెట్టించింది తామేననీ చెప్పారు. వెనక వరుసకు వినపడక మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

బావగారు అన్నది ఇంతే: “నువ్వు తప్పు చెప్పావని కాదురా నా బాధ. నీ చెవి మీది నమ్మకంతో, ఎక్కడో లాక్ వేసి మర్చిపోయానేమోనని నేనే అనుకున్నా. ఇంట్లో మీ అక్క ముందు ఒప్పేసుకున్నాను కూడా. ఎలా ఒప్పుకున్నానా అని సిగ్గేస్తోంది.”

ఆయనకు స్టీరింగ్ తిరిగి ఇచ్చారు. కొండదారి మాత్రం ఆయనే వద్దన్నారు. విరమణ చేసేదాకా ఊళ్ళో బండే నడిపారు.

ఆ తర్వాత గుంత గచ్చు తవ్వించి సమం చేయించారు. డ్రైవరు మీద తప్పు మోపే ఏ నివేదిక అయినా ఇంకో షెడ్డు మెకానిక్ చూశాకే పైకి వెళ్ళాలన్న నిబంధన వారు పట్టుబట్టి తెచ్చినదే. ఇప్పుడది శాఖ అంతటా అమల్లో ఉంది. వారి దగ్గర పని నేర్చుకున్నవారు నాలుగు షెడ్లు నడుపుతున్నారు. ఇవన్నీ అభినందించదగినవే, అభినందిస్తున్నాం. కానీ షెడ్డులో అందరి ముందూ చెప్పుకున్న మాట వారు అక్కగారికి నేటివరకూ చెప్పలేదు. ఆ ఇంటికి వెళ్ళనూ లేదు. పని ఒత్తిడి అని చెబుతూ వచ్చారు. పై నెల నుంచి ఆ మాట చెల్లదు.

ఈ వ్యాసం కోసం బావగారిని కలిసి అభినందనగా ఒక వాక్యం అడిగాను. “వాక్యాలు నాకు రావండీ. ఆదివారం ఇంటికి రమ్మనండి. వాళ్ళక్క పిలవలేదు, నేనే పిలిచానని కూడా చెప్పండి. తలుపు మాత్రం ఆవిడే తీస్తుంది” అన్నారు.

అలాగే చెప్పాను. ఫోర్‌మన్‌గారు వెళ్తాననీ అనలేదు, వెళ్ళననీ అనలేదు.

వారికి పూర్ణారోగ్యమూ దీర్ఘాయుష్షూ కలగాలని, కుటుంబంతో నిండుగా నూరేళ్ళు గడపాలని మా అందరి తరఫునా కోరుకుంటున్నాను. ఆ నూరేళ్ళలో ఒక్క ఆదివారం, అక్కగారు తలుపు తీసేవరకూ గుమ్మం ముందు నిలబడే ధైర్యం కూడా వారికి కలగాలి.