సూరయ్య కారుకి లంగరు

“ఒరే భాస్కరూ, కూకోరా! నీ కారేటి, రెక్కలొచ్చి ఎగిరిపోతాదేటి? మెడ అలగ తిప్పుతా ఉంటే పట్టీసుకుంటాది. పక్కూర్లో ఎవుడిదో కారు ఎత్తుకెల్లిపోనారని ఇన్నకాడ్నుంచి నీకు టీ కూడా దిగతం లేదు. కారు ఎవుడైనా కొంతాడ్రా. కాపాడుకోడం మాత్రం ఈ సుట్టుపక్కల సూరయ్యకొక్కడికే తెలుసు.”

గంగులు టీ బడ్డీలో బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు సూరయ్య. ఎండుచేపల వ్యాపారం ఆయనది. నోరు మాత్రం ఆ వ్యాపారానికి అవసరమైన దానికన్నా చాలా పెద్దది. మేనల్లుడు భాస్కర్ సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లైనా తియ్యని కొత్త కారు రోడ్డు పక్కన ఆపి, మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంటున్నాడు.

“దొంగల భయం ఉన్నోడివి అద్దాలు నాలుగూ దించి పెట్టినావేటి?” అన్నాడు పక్కనే కూర్చున్న కిరాణా కొట్టు హరిబాబు.

“కాసింత గాలాడాలండీ” అన్నాడు భాస్కర్, ఆ మాట అక్కడితో ఆపేస్తూ.

గంగులు గ్లాసు అందిస్తూ గుర్తు చేశాడు. “మావా, అరుణని మధ్యాన్నం బండికి దింపాలన్నావు. టైమవతంది.”

సూరయ్య కూతురు అరుణశ్రీకి విశాఖపట్నం ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. సాయంత్రంలోగా వెళ్ళి చేరకపోతే ఇంకొకర్ని తీసుకుంటామన్నారు. చీపురుపల్లిలో ఆ రైలు బండి తప్పితే ఉద్యోగం తప్పినట్టే.

“దింపుదుమురా. మా గుంట అరుణ తయారవతంది. కారు గుమ్మంలోనే ఉన్నాది. ఎంతమంది దొంగలొచ్చినా అక్కడే ఉంటాది. ఎందుకుంటాదో ఇనండి. నాను ఆ పాత కారు కొన్న కొత్తలో స్టీరింగుకి వలతాడు సుట్టి, మా తాత నేర్పిన ముడొకటి ఏసినాను. ఓ మధ్యాన్నం ఊరంతా తినీసి తొంగున్నాది. దొంగొచ్చినాడు, కారులో కూకున్నాడు, ముడి పట్టుకున్నాడు. నాను తొంగుని లేసి, మొకం కడుక్కుని వచ్చీసరికి ఇంకా ఆ ముడితోనే ఉన్నాడు. ‘బాబూ, ఈ పక్క ఇప్పితే ఆ పక్క బిగిసిపోతంది’ అని ఒకటే ఏడుపు. జాలేసి టీ తాగించి పంపించినాను. ఈ బడ్డీలోనే.”

“నా బడ్డీలో దొంగెప్పుడు తాగినాడు?” అన్నాడు గంగులు.

“నీకు తెలిసిపోతే ఆడు దొంగెలగవుతాడ్రా? ఆ తర్వాత ఏటైనాదో తెలుసా?”

“తాడు కోసీసుంటాడు” అన్నాడు హరిబాబు.

“అదీ మాట! కోత్తారనే నాను పడవ లంగరు తెచ్చి ఇసకలో పాతి, దాని తాడు కారు ఎనక బంపరుకి కట్టీసినాను. ఈసారొచ్చినోడు సదువుకున్నోడు. ఎనక్కి సూస్తాడేటి? స్టార్టు సేసినాడు, గేరేసినాడు, పోనాడు. తాడు ఇప్పుకుంటా ఎల్తంది. చీపురుపల్లి దాటీసినాడు. గజపతినగరం కూడా దాటీసినాడు.”

“తాడు అంతుందేటి?”

“సముద్రంలోకి ఎల్లీ తాడు బాబూ, మీ కొట్లో పొట్లాలు కట్టీ దారం కాదు.”

“మరి ఎంటబడనేదేటి మావా?” భాస్కర్ ముందుకు వంగాడు. మొదటిసారి కారు సంగతి మర్చిపోయాడు.

“వలేసినోడు సేప ఎనకాల పరిగెడతాడేట్రా? ఒడ్డునే నిలబడి లాగుతాడు. ఊర్లో కుర్రోళ్ళందర్నీ పిలిసి, పెద్దవల లాగినట్టు పాటందుకుని లాగినాం. వచ్చింది కారొక్కటేననుకున్నావా? దారి పొడుగునా తాడుకి తగులుకున్నవన్నీ వచ్చీసినాయి. ఆటోలొచ్చీసినాయి, గేదొకటొచ్చీసినాది, ఓ పెళ్ళి బేండు మేళం వచ్చీసినాది. ఆళ్ళు వాయించడం ఆపనేదు పాపం. ఒక ఎస్సై గారు కూడా వచ్చీసినారు. అన్నీ ఇసకలో పోసి ఏరినాం. కార్లొక కుప్ప, దొంగలొక కుప్ప.”

“దొంగ ఒక్కడే కాదేటి?” అన్నాడు భాస్కర్.

“వల లాగితే ఒక్క సేపే పడతాదేట్రా? సిన్న దొంగల్ని ఒగ్గీసినాం. ఇంకా ఎదగాల కదా.”

గంగులు నవ్వాపుకోలేక పాలగిన్నె వైపు తిరిగిపోయాడు. “ఎస్సై గారినేటి సేసినారు?”

“మంచినీళ్ళిచ్చి బస్సెక్కించినాం. ‘సూరయ్యా, నువ్వుండగా ఇక్కడ మేమెందుకయ్యా’ అన్నారాయన. అది మొదలు దొంగలందరూ శ్రీముఖలింగం ఎల్లి, సూరయ్య కారు జోలికెల్లమని దేవుడి ముందర ఒట్టేసుకున్నారు. ఇప్పుడు ఆళ్ళు దొంగతనానికి ఎల్లీటప్పుడు ఆళ్ళ సొంత బళ్ళు నా గుమ్మంలో పెట్టి ఎల్తన్నారు. అక్కడైతే పోవని!”

అప్పుడే అరుణశ్రీ భుజాన సంచీతో వచ్చింది. “నాన్నా, ఇంకా ఇక్కడే ఉన్నావేటి? తాళం ఇయ్యి. బండెల్లిపోతాది.”

“ఉండమ్మా, అసలు కిటుకు తాళం కాడే ఉన్నాది.” సూరయ్య గొంతు తగ్గించాడు. “ఒరే అల్లుడూ, ఎవుడికీ సెప్పకు. తాళం తెచ్చి ఇంట్లో మేకుకి తగిలించీవోడు ఎర్రోడు. మా సూరు కింద ఎండు నెత్తళ్ళ గంప లేదేటి? రోజూ దాని అడుగున కప్పెట్టీస్తాను. ఎంత మొండి దొంగైనా ఆ వాసనకి సెయ్యి పెట్టగలడేటి?”

భాస్కర్ గ్లాసు కింద పెట్టాడు. “ఎర్ర గుడ్డ కట్టిన గంపేనా మావా?”

“అదే. సూసినావేటి?”

“సూడ్డమేటి, నానే మోసినాను. ఇయ్యాల సంత కదా. పొద్దున్నే ఆటో దొరక్క అత్త నన్ను లేపినాది. ఆ గంప నా కొత్త కారు ఎనక సీటు మీదెట్టి, గంపనీ అత్తనీ చీపురుపల్లి సంతలో దింపీసి వచ్చినాను. అద్దాలెందుకు దించినాననుకున్నావు? నీ తాళం నీకన్నా ముందే చీపురుపల్లి ఎల్లిపోనాది మావా.”

సూరయ్య బల్ల మీంచి కాళ్ళు కిందకి దించాడు. ఆయన భార్య బుల్లమ్మ సంతకెళ్ళిందని ఆయనకి తెలుసు. ఏ గంప పట్టుకెళ్ళిందో మాత్రం అడగలేదు.

అరుణశ్రీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపం కూడా వచ్చింది. “నాన్నా, ఆ కుప్పలోంచి దొంగనొకడ్ని బేగి పిలు. తాళం లేకుండా కారు తీసి నన్ను దింపీస్తాడు.”

బడ్డీ అంతా ఘొల్లుమంది. భాస్కర్ అప్పటికే లేచి తన కారు తలుపు తీశాడు. “ఎక్కు అరుణా, బండి అందుకుందుం. ముక్కు మాత్రం మూసుకో.”

కూతురి సంచీ ఒళ్ళో పెట్టుకుని సూరయ్య వెనక సీట్లో ఇరుక్కున్నాడు. కారు ఊరి చివర మలుపు దాటింది. సూరయ్య ఇంక ఆగలేకపోయాడు.

“ఒరే అల్లుడూ, ఒక రకంగా సూస్తే నీ కారుకీ ఇంక దొంగల భయం లేదు. ఈ వాసనకి ఎవుడొస్తాడు? అన్నట్టు, ఆ తర్వాత ఏటైనాదో తెలుసా?”

“తెలుసు నాన్నా” అంది అరుణశ్రీ, ముక్కు మీద చెయ్యి తియ్యకుండానే. “ఆ తర్వాత సూరయ్య కూతురు వేరేవోళ్ళ కారులో ఎల్లి బండెక్కినాది.”