మామూలు దారం

అమెరికాలోని ఇల్లినాయ్‌లో మొక్కజొన్న చేల మధ్య చిన్న ఊరు. ఫణి అక్కడి ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో వాలంటీర్. మంటలార్పేటప్పుడు వేసుకునే కొత్త కోట్ల కోసం ప్రభుత్వ గ్రాంట్‌కి అతను టైప్ చేసిన అప్లికేషన్‌ని భార్య చంద్రిక చదువుతోంది.

"అందరికీ అడిగారు. మీ కోటేదీ?"

"నాది చిరిగితే నువ్వు కుట్టావుగా. బాగానే ఉంది."

"మామూలు దారంతో కుట్టానండీ! మంటకి ఆగుతుందా?"

"ఆగదు. మా ఫైర్ చీఫ్ అప్పుడే చెప్పాడు."

"తెలిసే వేసుకెళ్తున్నారా?"

"అంత ముచ్చటగా కుట్టావు. పక్కన పడేయడానికి మనసొప్పలేదు."

చంద్రిక కోప్పడబోయి, అప్లికేషన్‌ని అతని ముందుకి తోసింది.

"ముందు మీ కోటు కూడా కలపండి. అదొచ్చేదాకా ట్రక్ నడపండి, చాలు. మంటల దగ్గరికి వెళ్ళకండి."

"మరి పాతది?"

"వంటింట్లో పోపు పెట్టేటప్పుడు వేసుకోండి. ఆ మంటకి నా కుట్లు చాలు."