వెనక్కి తీసుకునే మాట

ఎత్తైన ఆఫీసు భవనం బయట, అద్దాలు తుడిచే ఇనుప తొట్టిలో బావా, లావు కళ్ళద్దాల వల్ల అందరూ ‘సోడా’ అని పిలిచే బావమరిదీ. పైకప్పు మీద, తొట్టిని దించే మోటారు దగ్గర, వాకీటాకీ పట్టుకుని వాళ్ళ మామ.

"...మామా, వినపడుతోందా? తొట్టి ఆగిపోయిందేంటి?"

"నేనే ఆపాను."

"ఎందుకని? కింద ఇంకా బోలెడు అద్దాలున్నాయి. దింపు."

"కాసేపు ఆగు అల్లుడూ. ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడే ఉండండి. బకెట్ కూడా ముట్టుకోవద్దు."

"బావా, మామ గొంతేంటి అలా ఉంది?"

"సోడా, ముందు ఆ బటన్ వదులు. మన మాటలన్నీ ఆయనకి వినపడుతున్నాయి... ఆఁ, ఇప్పుడు చెప్పు."

"నిన్నటిదే బావా. ఇంకా మనసులో పెట్టుకున్నాడు."

"నిన్నటిదంటే, మీ అక్క కథ చెప్తుంటే తలా ఓ పాత్రయి ఆడామే, ఆ పాచికలాటలోదా? ఇంత వయసొచ్చి, ఆటలో చచ్చిపోయానని అలుగుతాడా ఎవడైనా?"

"చచ్చిపోలేదు, మనం చంపాం. గుహలో గోతిలోకి దిగింది ఆయన. పైన తాడు పట్టుకుంది మనం. కింద చీకట్లో ఏదో కదిలిందని అక్క చెప్పిందో లేదో, ‘తాడు కోసేస్తా’ అన్నావు."

"నా పాత్ర దొంగరా. దొంగ మరి అలాగే చేస్తాడు. కదిలింది గబ్బిలాలని మీ అక్క ముందే చెప్పొచ్చుగా? తెలియగానే వెనక్కి తీసుకుంటానన్నానా లేదా?"

"అన్నావు. అక్క ఒప్పుకుంటేగా. ‘కథ నడిపేది నేనే గానీ, కోసింది మామయ్య తాడు. ఆయన సరేనంటేనే వెనక్కి’ అంది. ఆయన పాచికలు బల్ల మీద పెట్టేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. సరే అనలేదు, కాదు అనలేదు."

"అయితే ఇప్పుడే అడుగుదాం. ఇటివ్వు... మామా!"

"చెప్పు."

"నిన్న తాడు కోశానన్నాను చూడు, అది వెనక్కి తీసుకుంటున్నా. నువ్వు సరేనను చాలు. ఆటలో నీ ముసలోడు బతికే ఉన్నాడు. పైకి లాగేశాం. నిధిలో వాటా కూడా ఇస్తాం."

"అలాగా."

"అలాగా కాదు మామా, సరే అను."

"పొద్దున బరువులెన్ని పెట్టావు?"

"ఏం బరువులు?"

"మీరు వేలాడుతున్న దూలాలవి. తల బయటికి ఉంటుంది, తోక మీద ఇనుప దిమ్మలు పెడతాం. ఒక్కో తోకకీ నాలుగు. ఇవాళ పెట్టింది నువ్వు. నాలుగూ పెట్టావా?"

"పెట్టానని పొద్దునే చెప్పానుగా."

"నాలుగూ?"

"నాలుగూ!"

"సరే."

"బావా, ఆయన అదెందుకడిగాడు?"

"ఏదో పెత్తనం. తాడు గురించి అడిగితే దిమ్మల గురించి మాట్లాడతాడు. అలకంటే అలాగే ఉంటుంది."

"తొట్టి ఎడమపక్కకి వంగినట్టు లేదూ?"

"గాలికి."

"గాలెక్కడుంది? బకెట్లో నీళ్ళు చూడు. ఒక పక్కకే ఉన్నాయి."

"నీ కళ్ళద్దాలు తుడుచుకో ముందు."

"బావా, మన బెల్టులు తొట్టికే తగిలించాం కదూ?"

"ఎప్పుడూ అలాగే కదా."

"విడిగా పైనుంచి తాళ్ళు వెయ్యాలిగా. అంటే తొట్టి పోతే బెల్టూ..."

"నోర్ముయ్."

"ఇటివ్వు, నేను మాట్లాడతా. మామయ్యా, నేను సోడాని. నాదీ తప్పే. బావ కోస్తానన్నప్పుడు తాడు నా చేతిలోనే ఉంది. ఆపొచ్చు. ఆపలేదు. నవ్వాను కూడా. అదీ వెనక్కి తీసుకుంటున్నా."

"నువ్వు నిలబడున్నావా, కూర్చున్నావా?"

"నిలబడే ఉన్నా."

"మెల్లగా కూర్చో. జరక్కు. ఉన్నచోటే కూర్చో. అదీ... కూర్చున్నావా?"

"కూర్చున్నా. మామయ్యా, భయపెట్టకు."

"భయపడకు. భయపడితే కదులుతావు."

"ఇలా ఇవ్వరా అది! ఏం మామా, బెదిరిస్తున్నావా? మేనల్లుణ్ణీ, మేనకోడలి మొగుణ్ణీ గాల్లో వేలాడదీసి సరదా చూస్తున్నావా? అంతా ఓ ఆట కోసం!"

"అరవకు అల్లుడూ. అరిచినప్పుడు నువ్వు చేతులూ కాళ్ళూ ఆడిస్తావు."

"ఆడిస్తా! పైకి వచ్చాక నీ సంగతి..."

"ఒక్క మాట విను. ఆ పిల్ల ఆట నడుపుతుంటే నువ్వెన్ని మాటలు వెనక్కి తీసుకున్నావు? గుర్రం అమ్మేశావు, మళ్ళీ అమ్మలేదన్నావు. వంతెన దాటావు, దాటలేదన్నావు. కాపలావాణ్ణి తోసేసి, తోసింది నేను కాదన్నావు. అన్నిటికీ సరేనంది. మొగుడివి కదా అని. ఇప్పుడు నేనూ ఒకటి ఇస్తున్నా. పొద్దున నాకు చెప్పిన మాట, కావాలంటే వెనక్కి తీసుకో. ఏమీ అనను."

"ఏం మాట?"

"నీకు తెలుసు."

"నాలుగూ పెట్టానని చెప్తున్నానుగా! ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"..."

"మామా? పలకవేం? మామా!"

"బావా, జారింది! తొట్టి జారింది! చూశావా?"

"చూశా, చూశా. పట్టుకో. వద్దు, పట్టుకోకు. కదలకు."

"బావా, ఎన్ని పెట్టావు?"

"ఇప్పుడదెందుకురా!"

"అక్కకి నేనేం చెప్పాలి? కిందపడ్డాక చెప్పడానికి నేను కూడా ఉండను. ఎన్ని పెట్టావు?"

"కుడివైపు నాలుగూ పెట్టారా. ఒట్టు. ఎడమవైపు... లిఫ్ట్ పనిచెయ్యట్లేదు. మెట్ల మీద మోసి మోసి నడుం పట్టేసింది. రెండు చాల్లే అనుకున్నా. ఒక్కరోజే కదా అని."

"నాతో కాదు, ఆయనతో చెప్పు."

"ఆయన ముందు ఎలా..."

"చెప్పు బావా!"

"మామా. ఉన్నావా? ... ఎడమ దూలానికి రెండే పెట్టా."

"మిగతా రెండూ ఎక్కడ?"

"పైకొచ్చే మెట్ల మలుపులో. గోనెపట్టా కప్పి ఉంచా. నీకు కనపడకూడదని."

"వాచ్‌మన్! మెట్ల మలుపులోనట! గోనెపట్టా కింద! ఒక్కొక్కటే పట్రా. పరిగెత్తకు. దూలానికి తగలకుండా అటు తిరిగి రా. ... అల్లుడూ, పాపం అతను దిమ్మల కోసం గోదామంతా గాలించి వచ్చాడు. నువ్వు పెట్టాననేసరికి, ఎక్కడుంటాయో ఎవరికి తెలుస్తుంది?"

"మామా, తోక లేచిందా?"

"మీరు కిందకి దిగడం మొదలెట్టగానే లేచింది. అందుకే మోటారాపాను."

"మరి ముందే చెప్పొచ్చుగా మామయ్యా!"

"చెప్తే మీ బావ గంతులేసేవాడు. నువ్వు ఏడ్చేవాడివి. ఏది జరిగినా తొట్టి ఊగేది. ... ఆఁ, అక్కడే పెట్టు. మెల్లగా. ఒకటయింది. రెండోది తే."

"బావా, ఏడవకు. అయిపోయింది."

"నేనేం ఏడవట్లేదు."

"రెండోదీ కూర్చుంది. సోడా, కాళ్ళు చాపుకో. ఊపిరి పీల్చుకో. మీ బావని కూడా పీల్చుకోమను. ఇప్పుడు పైకి లాగుతున్నా."

"కదిలింది బావా. పైకే. చూడు, పైకే వెళ్తున్నాం."

"మామా... ఒక్క మాట. ఎడమ తోక మీద రెండే ఉన్నాయి. అది లేచింది కూడా అన్నావు. మరి ఇంతసేపూ దాన్ని ఆపిందేంటి?"

"నేనే. దాని మీద కూర్చున్నా. నువ్వు మళ్ళీ ‘నాలుగూ పెట్టా’నన్నప్పుడు మాత్రం, పోనీ అనుకుని, సగం లేచాను."