సన్మానం పకోడీ

దీవిలో పడవలాగే బాంబూఫ్లాట్ జెట్టీ వెనక సత్యారావు కేటరింగ్ షెడ్డు. సొరచేపల మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకున్న అతని మేనకోడలు పద్మిని, సన్మానం జరిగిన మర్నాడు పొద్దున్నే అవతలి ఒడ్డున చాతంలో ఫెర్రీ ఎక్కి దిగబడింది. నిన్నటి శాలువా మడత ఇంకా విప్పనే లేదు.

"వంజరమే అంటావు. ఏదీ, నా మొహం చూసి చెప్పు మావయ్యా."

"వంజరమేనే అమ్మడూ. పొద్దున్నే ఏటీ గొడవ? కూర్చో ముందు. చాయ్ పెట్టించనా?"

"నీ చాయ్ నాకొద్దు. వంజరానికి ముల్లుంటుంది. నిన్నటి పకోడీలో ఒక్క ముల్లు తగల్లేదు. ఆఖరి దాంట్లో మెత్తటెముక కరకరమంది. అదేంటో నా పళ్ళకి తెలుసు."

"మరైతే సుర్మయి అయ్యుంటాది."

"వంజరాన్నే హిందీలో సుర్మయి అంటారు!"

"అదేలే... రెండూ ఒకటేలే..."

"సొర. అవునా?"

"అరే, వంటోళ్ళు వింటారే, నెమ్మదిగా..."

"సొరేనా, కాదా?"

"సొరలాంటిదే."

"ఛీ! ఛీ ఛీ! స్టేజీ మీద నేను సొరల్ని బతకనివ్వండి బాబూ అని నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, కింద ప్లేట్లలో అదే పకోడీయా? మా డైరెక్టరు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు. చట్నీ ఏక్‌దమ్ బావుందని నాకే చెప్పాడు. థూ! ఇంటికెళ్ళి ఎంత కక్కుకున్నానో తెలుసా నీకు? ఇంకా నోరంతా అదే కంపు."

"కసమ్ సే, తాజా సరుకే అమ్మడూ. కంపేటి?"

"తాజానా? తాజాదనం ఎవడికి కావాలి? నిన్న పొద్దున్న ఏం వండాలని ఫోన్ చేస్తే నీ ఇష్టం అన్నాను. నీ ఇష్టమంటే ఇదా?"

"అది కాదే, నేను ఫోన్ చేసింది..."

"మాట మార్చకు. మిగిలిందా? చూపించు."

"ఏటుంటాది? గిన్నెలు కూడా కడిగేశాం."

"జరుగు. ఫ్రీజరు నేనే చూస్తాను. ఈ కవర్లో ఏంటి? యాక్... ఇది సొర చర్మం కాదే. కింద తెల్లగా, పలకలా... టేకు చేపా?"

"ఆఁ, టేకే! టేకు చేపే. నేను చెప్పలా?"

"నువ్వేం చెప్పలా. టేకు తోక కొరడాలా ఉంటుంది. ఇది సొర తోకంత లావుంది. ఒళ్ళేమో టేకులా, తోకేమో సొరలా... మావయ్యా, దీని తల ఏది?"

"తల ఎవడు దాస్తాడే? సముద్రంలో పడేశాం."

"మూతి?"

"మూతీ తలలోనే కదేటి?"

"మావయ్యా. దీని మూతి ఎలా ఉంది?"

"ఆ గోనెసంచి ముట్టుకోకే! అరే, అది నీకోసమే దాచాను, పసుపు రాసి ఇద్దామని... బస్, తీసేశావా."

"అమ్మో."

"తాతింట్లో గుమ్మం మీద ఉంటాది చూడు, దిష్టి తగలకుండా పసుపూ కుంకం పెట్టింది. చిన్నప్పుడు దాని కింద నిలబడి ఇదేం చేప, ఇదేం చేప అని మా పేణాలు తీసేదానివి. నీ కొత్త క్వార్టరు గుమ్మానికీ ఒకటి కడదామని..."

"రంపపు చేప. రంపపు చేపని పకోడీ వేశావా?"

"ఏడవకే. అలా చూడకే నాకేసి."

"ఇంకా నెత్తురు ఆరనే లేదు మావయ్యా. దీనికోసం ఎక్కడో ఉత్తరాన డిగ్లీపూర్ క్రీకుల్లో మొసళ్ళ మధ్య ఏళ్ళకేళ్ళు తిరిగాను. ఎవరింటికెళ్ళినా గుమ్మం మీద ఎండిపోయిన మూతే గానీ, పేణంతో ఒక్కటంటే ఒక్కటి చూళ్ళేదు. ఇక్కడ ఇక ఒక్కటి కూడా మిగల్లేదేమోనని నిన్న అందరి ముందూ ఏడ్చాను. ఏడ్చి, కిందికి దిగి, దాన్నే తిన్నాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది."

"నీకోసమే కదే చేశాను! గోడల మీద నువ్వంటించిన ఫోటో చూపించి, మా పద్మిని దీనికోసం వెతుకుతోంది, దొరికితే నాకే తెండి అని బోటోళ్ళందరికీ చెప్పాను. సరిగ్గా నీ సన్మానం రోజే కన్నబాబు వలలో పడింది. దేవుడే ఇచ్చాడనుకున్నాను. ఎక్కడనుకున్నావు? హోప్ టౌన్‌లో, మీ అమ్మ ఇంటికి ఎదురుగానే! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నువ్వేమో డిగ్లీపూర్..."

"ఇక మాట్లాడకు! నేను వెతికింది తినడానికా? దాన్ని పడితే జైలు!"

"ఆ ముక్క నువ్వు స్టేజీ మీద చెప్తేనే తెలిసింది. అప్పటికే సగం పకోడీ అయిపోయింది. అందరి చేతుల్లోంచీ ప్లేట్లు లాక్కోమంటావా? నీ పరువేం కావాలి?"

"నా పరువు! ఆ ఫోటో కిందే అంతంత అక్షరాలతో రాయించాను కదా!"

"నాకు తెలుగు రాతలెక్కడొచ్చే? నేను చదివింది హిందీ బడి. పై ముక్కేదో కన్నబాబు చదివి చెప్పాడు."

"ఏం చెప్పాడు? వలలో పడితే చంపొద్దు, వెంటనే ఫోన్ చెయ్యండి, ఎక్కడున్నా నేనే వస్తాను అని రాసుంది. ఒక్క ఫోన్, మావయ్యా! ఒక్క ఫోన్ చేసుంటే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చేదాన్ని."

"చేశానే."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున్న."

"అది... అది ఏం వండాలని కదా?"

"వంట మాట నేనెత్తలేదు. 'ఒక చేప పడిందే అమ్మడూ' అన్నాను, అంతే. 'చేపల గొడవ నాకెందుకు మావయ్యా, ఉపన్యాసం రాసుకుంటున్నాను, నీ ఇష్టం వచ్చినట్టు వండు' అని పెట్టేశావు. జెట్టీ మీద నిలబడే చేశానే. అప్పటికది నా కాళ్ళ దగ్గరే, తాడు చివర, నీళ్ళలో ఈదుతూనే ఉంది."