బల్లకి అవతలి కుర్చీ

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టవే మహాతల్లీ, ఆ చొక్కా కాస్తా మాడిపోతుంది! రేపు నేను ఆ స్కూలుకి వెళ్లడం లేదు. గుమస్తా ఉద్యోగం ఇస్తామన్నారు, జీతం చాలదని నేనే వద్దన్నాను అని మొన్నే చెప్పానా లేదా? ఇప్పుడు మళ్లీ వెళ్లి చేరతానంటే నా పరువేం కాను?

ఏమిటీ? పరువు కొరుక్కు తింటామా అంటావా? అను, అను.

అసలు ఆ ఇంటర్వ్యూ రోజు మొదట్లోనే తేడా కొట్టింది. గదిలోకి వెళ్లానా, ఇంత పొడుగాటి బల్ల. అవతల నాలుగు కుర్చీలు, ముగ్గురే ఉన్నారు. ఇవతల ఒక్కటి. నేను తిన్నగా వెళ్లి అవతల ఖాళీగా ఉన్నదాంట్లో కూర్చున్నాను!

నవ్వకు. ఇరవై ఆరేళ్లు మా కంపెనీలో అటువైపే కూర్చున్నవాణ్ణి, కాళ్లు వాటంతటవే పోయాయి. ఎంతమందిని తీసుకున్నాను, ఎంతమందిని పంపించేశాను! ఒకడైతే భయంతో నా గ్లాసులో నీళ్లే తాగేసి... సర్లే, వాడి గొడవ ఇప్పుడెందుకు. ఎక్కడున్నాను? ఆఁ, కుర్చీ. కూర్చోవడమే కాదు, ముందున్న కాగితం అందుకుని "మొదటివాణ్ణి పిలవండి" అన్నాను కూడా.

ఆ ప్రిన్సిపాలుకి మన చిన్నమ్మాయి వయసుంటుంది. "మొదటివారు మీరేనండీ" అంది. మర్యాదగానే అందిలే.

ఏం అడిగారా? కంప్యూటరు వచ్చా అన్నారు. వచ్చన్నాను. అబద్ధమేం కాదు, నెమ్మదిగా వచ్చు. ఈ వయసులో ఉద్యోగం ఎందుకండీ అన్నారు. ఏం చెప్పను? తొమ్మిదయ్యేసరికి మా ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుంటుంది, కొలతలివ్వడానికి ఆడవాళ్లొస్తారు, నేను గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి మెట్ల మీదికి జరుగుతుంటాను అని చెప్పనా?

అదిగో, మళ్లీ అదే మాట! స్కూలుకి ఫోను చేసి నువ్వు మాట్లాడేదేమిటి వాళ్లతో? నంబరు నీకెవరిచ్చారు? ఇలా తే ఆ ఫోను. తేవే... మోగుతోందా? పెట్టెయ్. పెట్టెయ్యమన్నానా!

వద్దన్నది నేను కాదు. వాళ్లు.

ఉత్తరం కూడా వచ్చింది. మీ అనుభవాన్ని ఎంతో గౌరవిస్తున్నాం అట. ఆ వాక్యం నేనెంతమందికి రాశానో నాకే గుర్తులేదు.

అలా చూడకు. జీతం చాలలేదన్నదీ అబద్ధమే. వచ్చేసేటప్పుడు, తలుపు దగ్గర నిలబడి, జీతం లేకపోయినా రోజూ వస్తానన్నాను.

అయినా వద్దన్నారు.