వేడి మీదున్న మిషను

ఈ సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టి ఎన్నిసార్లు చెప్పించుకుంటావు బాబూ? ఆ జూదం మిషను నాది. కుర్చీ ముందుకి వంచి, దానికి ఆనించి మరీ వెళ్లాను. అలా వంచి ఉంటే మనిషి ఉన్నట్టేగా? ఈ కేసినోలో ఎవర్నడిగినా చెప్తారు.

పక్క మిషను దగ్గర లొరెయిన్ అని ఒకావిడ. ఆ పేరైనా నిజమో కాదో! పొద్దుటినుంచీ నాకు బటర్‌స్కాచ్ బిళ్లలు పెడుతూనే ఉంది. తెరమీద పందొమ్మిది వందల డాలర్లు కనపడేసరికి నాకంటే ఎక్కువ సంబరపడిపోయింది. గెలిచిన డబ్బుకి మిషను ఇచ్చే చీటీ తీసుకుని లేస్తానన్నాను, ఒట్టు.

"ఇప్పుడు తీశావంటే వేడి మీదున్న మిషను చల్లారిపోతుంది, ఇంక డబ్బు రాలదు మార్జ్. బాత్రూమ్‌కి వెళ్లిరా, నేను చూస్తుంటాలే" అంది.

వెళ్లాను. ఏం, నవ్వొస్తోందా? వేడి మీదున్న మిషన్లోంచి చీటీ తీసేవాళ్లని ఒక్కర్ని చూపించు.

తిరిగొచ్చేసరికి తెరమీద సున్నా, లొరెయిన్ లేదు. కుర్చీ మాత్రం నేను వంచినట్టే ఉంది.

పోనీ నా సొంత డబ్బా అంటే అదీ కాదు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు బాగుచేయించమని మా అమ్మాయి కారిన్ ఇచ్చిన ఆరు వందలు. మెకానిక్ పదకొండు వందలన్నాడు. నా దగ్గరుండే మనవరాలు కోటు వేసుకునే పడుకుంటోంది, నన్నేం చెయ్యమంటావు? పదకొండు వందలు దాటగానే లేవొచ్చుగా అంటావా? అడక్కు బాబూ.

ఏంటీ, లొరెయిన్ దొరికిందా? పక్క గదిలోనే ఉందా? చీటీ కూడా దాని దగ్గరే ఉందా? హమ్మయ్య! మరింకేం, ఇచ్చెయ్, వెళ్లిపోతాను.

ఐడీ కార్డెందుకు?

నన్నే ఎందుకు ఎంచుకుందో చెప్పిందా? ఉచిత భోజనం వస్తుందని అందరూ మిషన్లో తమ పేరున్న మెంబరు కార్డు పెట్టి ఆడతారు. పెట్టనిదాన్ని నేనొక్కదాన్నే. ఇలా పేరు దాచుకునేది డబ్బు పోయినా నోరెత్తదని కనిపెట్టేసింది, పాపిష్టిది.

సరే, విను. నన్నింక లోపలికి రానివ్వొద్దని పోయిన చలికాలం ఇదే గదిలో సంతకం పెట్టింది నేనే. కారిన్ పక్కనే నిలబడి పెట్టించింది. అలాంటివాళ్లకి గెలిచింది ఇవ్వరనీ తెలుసు. మరి ఇవాళ తలుపు దగ్గర మీవాడు నవ్వుతూ రమ్మన్నాడే? ఆపొచ్చుగా?

నేను పేరు చెప్పి ఫిర్యాదు ఇవ్వకపోతే దాన్ని వదిలేస్తారా? రేపు ఇంకెవరి పక్కనో కూర్చుని బిళ్లలు పెడుతుందా?

ఇదిగో, తీసుకో కార్డు. కారిన్‌కి మాత్రం నువ్వే ఫోన్ చెయ్యి బాబూ, నాకు నోరు రాదు. ముందు పిల్లకి చలేస్తోందని చెప్పు. నా సంగతి తర్వాత చెబుదువుగాని.