మంగరాజు చేతిలో పడిన ఇత్తడి ఇంజను

అమలాపురంలో మైకుసెట్ల మంగరాజు, శ్యామ్ బాబు టీ బడ్డీ ముందు బల్ల మీద కూర్చుని, గుడ్డలో చుట్టిన మూటని ఒళ్లో పెట్టుకుని మొదలెట్టాడు.

"ఇది ఇదిగో, ఈ ఇశ్రాయేలు మాస్టారి నాన్నగారిదండి. రైలు డ్రైవరుగా చేసేరాయన. రిటైరైనప్పుడు తోటివాళ్లు ఇచ్చిన ఇత్తడి బొమ్మ ఇంజను, బుల్లి మోటారుతో నడుస్తాది. కూతా లేదు, దీపమూ లేదు. ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడికండి. మాస్టారి అమ్మగారు జయమ్మ గారు, 'ఆయన బండి కూత ఒక్కసారి వినాలనుందయ్యా' అన్నారు. ఊళ్లో ఇంతమంది మెకానిక్కులుండగా నన్నే ఎందుకు పిలిచేరంటారు?"

"మిగతావాళ్లకి పనులున్నాయేమోనండి," అన్నాడు శ్యామ్ బాబు గ్లాసులు కడుగుతూ.

"నవ్వండి నవ్వండి! లోపల ఉంగరమంత స్పీకరు, ముందు ఆవగింజంత దీపం, రెండిటినీ నడిపే సర్క్యూట్ బిళ్ల ఒకటి. కళ్లజోడు లేకుండా అతికేనండి. మొన్న సాయంత్రం ఆరింటికి కరెంటిచ్చి కూత వేసేను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మన వీధిలో నలుగురు సంచులు సర్దుకుని బయటికొచ్చేసేరు!"

"మన ఊరికి రైలెక్కడిదండీ?" అన్నాడు శ్యామ్ బాబు.

"అదే కదండీ గొప్ప! రెండో కూతకి, సఖినేటిపల్లి రేవులో జనాన్ని దాటించే పంటు నడిగోదాట్లో ఆగిపోయింది, రైలు గేటు పడిందనుకుని. నరసాపురం వెళ్లాల్సిన పెళ్లివారు పంటు మీదే భోజనాలు కానిచ్చేరు. ఇక దీపం వేసేనా... కాట్రేనికోన పడవలన్నీ లైట్‌హౌసనుకుని ఇటు తిరిగేయి. ద్రాక్షారామంలో యాత్రికులు తెల్లారిపోయిందని మళ్లీ స్నానాలు చేసేరు. దిగిపోతున్న సూర్యుడు కూడా, ఇంకా డ్యూటీ అవలేదా అని ఓ క్షణం ఆగేడండి!"

"ఆయ్," అన్నారు పక్కనే కూర్చున్న ఇశ్రాయేలు మాస్టారు. ఇంజను తీసుకెళదామని వచ్చి అరగంటైంది. మూట ఇంకా ఆయన చేతికి రాలేదు.

"అసలు సంగతి ఇప్పుడు చెప్తానండి. మూడో కూతకి ఇంజను తనంతట తనే పొగ వదిలింది! గొట్టంలోంచి, చక్రాల సందుల్లోంచి, నల్లగా, ఘాటుగా. నాకే కళ్లు మండేయంటే చూసుకోండి!"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "పొగ వచ్చే సామాను మనం పెట్టలేదు కదండీ మంగరాజు గారూ."

"లేదండి. అదే నా పనితనం!"

"ఇంజను ఒళ్లంతా ఇత్తడి కదండీ. మోటారు తీగలు ఆ ఒంటికి తగలకుండా ముందు విడదీసి, ఆ తర్వాతే బిళ్ల కలపమని, బిళ్లతో వచ్చిన కాగితంలో రాసుంది. చూసేరా?"

"చిన్నచిన్న అక్షరాలండి... నాలాంటి పనోడికి కాగితమెందుకని..."

"పొగొచ్చేక మళ్లీ కూసిందా అండీ?"

మంగరాజు మూటని దగ్గరికి లాక్కున్నాడు. మొహం వాడిపోయినా గొంతు మాత్రం తగ్గలేదు. "మీరేం బెంగపడకండి మాస్టారూ. ఆదివారం తలుపు వెనకాల నిలబడి నేనే కూస్తాను. అచ్చం ఇంజనే అనుకుంటారు అమ్మగారు."

"రాజమండ్రి క్వార్టర్సులో ముప్పయ్యేళ్లు నాన్నగారి బండి కూత విని ఎసరు పెట్టిన మనిషండి మా అమ్మ," అన్నారు మాస్టారు, మూట కోసం చెయ్యి చాపి. "ఎన్ని బళ్లు కూసినా, ఆ ఒక్క కూతకే లేచేది."